నాలుగు పౌన్ల జీతగాడు

శనివారం సాయంత్రమైతే చాలు, గల్ఫ్ క్యాంపుల్లో టీవీ ఉన్న గది ముందు చెప్పుల కుప్ప పెరుగుతుంది. మన తెలుగోళ్లకు క్రికెట్టంటేనే ప్రాణం. అయినా పక్క బెడ్డు మలయాళీ సోదరులు ఇంగ్లీషు లీగ్ పెట్టారంటే మనమూ ఓ మూల కూర్చుండిపోతాం. మాంచెస్టర్ యునైటెడ్ ఎర్ర చొక్కాలు, మాంచెస్టర్ సిటీ నీలం చొక్కాలు ఇప్పుడు అందరికీ తెలిసినవే. ఆ ఆటగాళ్ల వారం జీతం ఎంతో విన్నప్పుడు మాత్రం గదిలో కాసేపు ఎవరికీ మాట రాదు.

ఈ రెండు చొక్కాలూ వేసుకుని, ఆట మొదలెట్టింది మొదలు చివరి మ్యాచ్ దాకా ముప్పై ఏళ్లు మైదానంలో ఉన్నవాడు ఒకడున్నాడు. తన కాలంలో అతణ్ని మించిన వింగర్ బ్రిటన్‌లో లేడు. అయినా వారానికి నాలుగు పౌన్లకు మించి జీతం తీసుకోరాదు, క్లబ్బు వదలనిదే ఇంకో క్లబ్బుకు పోరాదు. పేరు బిల్లీ మెరెడిత్. ఇప్పటి ఆటగాళ్లు కోట్లు సంపాదిస్తున్నారంటే దాని వెనక ఈయన తిన్న దెబ్బలు కూడా కొన్ని ఉన్నాయి.

గనిలోంచి గ్రౌండుకు

మెరెడిత్ 1874 జులై 30న ఉత్తర వేల్స్‌లో చిర్క్ అనే ఊరి దగ్గర బ్లాక్ పార్క్‌లో పుట్టాడు. ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న బొగ్గు గనుల ప్రాంతం అది. సింగరేణి వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ ఊరెలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మగపిల్లాడు పుట్టాడంటే గనికి ఇంకో మనిషి దొరికినట్టే. పన్నెండో ఏట బిల్లీ కూడా గనిలో దిగాడు. భూమి లోపల బొగ్గు తొట్లను లాగే పొట్టి గుర్రాలను తోలడం అతని పని.

చిర్క్‌లో బొగ్గుతో పాటు ఫుట్‌బాల్ కూడా దొరికేది. అక్కడి బడి పంతులు ఒకాయన ఆటపిచ్చి ఉన్నవాడు. ఆయన చేతికింద ఆడిన పిల్లల్లో చాలామంది వేల్స్ జట్టు దాకా వెళ్లారు. మెరెడిత్ సన్నగా, కాళ్లు కాస్త వంకరగా ఉండేవాడు. కుడివైపు గీత వెంట బంతిని తీసుకుని పరిగెడితే పట్టడం కష్టం. 1894లో చిర్క్ జట్టు వెల్ష్ కప్పు గెలిచింది. అదే ఏడు మాంచెస్టర్ సిటీ వాళ్లు అతణ్ని వెతుక్కుంటూ ఊరికి వచ్చారు.

ఇంట్లో తల్లికి ఇష్టం లేదు. ఆడుకోవడానికి డబ్బులు తీసుకోవడం ఏమిటని ఆమె బాధ. గని కష్టమైనా ఖాయమైన పని, ఆట కాలు విరిగేదాకానే. దుబాయి వీసా వచ్చిందని కొడుకు చెప్పిన రోజు మన ఇళ్లలో జరిగే గొడవ లాంటిదే అక్కడా జరిగి ఉంటుంది. మెరెడిత్ మధ్యేమార్గం పట్టాడు. మొదటి కొన్ని నెలలు గని మానలేదు. రాత్రి రైలెక్కి పోయి, ఆడి, మళ్లీ రైల్లో తిరిగొచ్చి గనిలో దిగేవాడు. 1894 నవంబర్‌లో సొంత గడ్డ మీద మొదటి మ్యాచ్ ఆడింది న్యూటన్ హీత్ అనే జట్టు మీద. సిటీ 5-2 తేడాతో ఓడింది, ఆ రెండు గోల్సూ మెరెడిత్‌వే. ఆ న్యూటన్ హీతే 1902లో పేరు మార్చుకుని మాంచెస్టర్ యునైటెడ్ అయ్యింది. 1895 జనవరిలో అతను గనికి సెలవు చెప్పి పూర్తిగా జీతం ఆటగాడయ్యాడు.

పదేళ్లలో సిటీకి అతనే దిక్కయ్యాడు. ఆడేటప్పుడు నోట్లో ఎప్పుడూ ఓ పుల్ల ఉండేది. అంతకుముందు పొగాకు నమిలేవాడనీ, చొక్కాల మీద ఆ మరకలు ఉతకలేమని చాకలివాళ్లు మొరాయిస్తే పుల్లకు మారాడనీ చెబుతారు. పత్రికల్లో కార్టూన్లు గీసేవాళ్లకు ఆ పుల్ల ఉంటే చాలు, బొమ్మ ఎవరిదో చెప్పక్కర్లేదు. 1904 ఏప్రిల్ 23న లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో ఎఫ్ఏ కప్పు ఫైనల్. బోల్టన్ మీద సిటీ 1-0తో గెలిచింది. కెప్టెన్ మెరెడిత్, ఆ ఒక్క గోలూ మెరెడిత్‌దే. మాంచెస్టర్ నగరానికి అదే మొదటి పెద్ద కప్పు.

ఆ రూలు ఏమిటంటే

ఇక్కడ ఆట కాస్త ఆపి, జీతం సంగతి చెప్పుకోవాలి.

1901 నుంచి ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికైనా వారానికి నాలుగు పౌన్లకు మించి ఇవ్వకూడదని ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్ఏ, రూలు పెట్టింది. గెలిస్తే బోనస్ లేదు. క్లబ్బులో చేరినప్పుడు ఇచ్చేది పది పౌన్లు దాటకూడదు. నాలుగు పౌన్లంటే మిల్లు కూలీ కంటే ఎక్కువే, కాదనలేం. కానీ మిల్లు కూలీని చూడ్డానికి టికెట్ కొని అరవై వేల మంది రారు కదా. గేటు దగ్గర వసూలైంది ఎవరికి పోతోందో ఆటగాళ్లకు తెలుసు.

దీనికంటే గట్టిది ఇంకో రూలు. ఏటా సీజన్ అయిపోగానే ఆటగాడి కాంట్రాక్టు అయిపోతుంది, రిజిస్ట్రేషన్ మాత్రం క్లబ్బు దగ్గరే ఉంటుంది. క్లబ్బు అతణ్ని అట్టే పెట్టుకోవచ్చు, ఇంకో క్లబ్బుకు అమ్ముకోవచ్చు, ఆ డబ్బు తనే తీసుకోవచ్చు. ఇచ్చిన జీతానికి ఒప్పుకోనంటే లీగ్‌లో ఇంకెక్కడా ఆడే వీలుండదు. జీతమూ రాదు. క్లబ్బు రిలీజు ఇస్తేనే బయటపడేది.

రిలీజు అన్న మాట గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు అర్థం చెప్పాల్సింది కాదు. ఖతార్ 2020లో ఎన్ఓసీ నిబంధన ఎత్తేసేదాకా కంపెనీ మారాలంటే పాత యజమాని కాగితమే దిక్కుగా ఉండేది. మిగతా దేశాల్లోనూ ఆ కాగితం కోసం కఫీల్ చుట్టూ తిరిగిన మనోళ్లు తక్కువేం లేరు. తేడా లేకపోలేదు. మెరెడిత్‌కు ఆట వద్దనుకుంటే ఊరికి పోయి మళ్లీ గనిలో దిగే దారి ఉంది, అతని పాస్‌పోర్టు ఎవరూ దాచుకోలేదు. కానీ చేతిలో ఉన్న విద్య ఇంకోచోట అమ్ముకునే వీలు లేకపోవడం మాత్రం అచ్చం అదే.

పది పౌన్ల మరక

మెరెడిత్‌ను సాధువుగా చూపించాలని ఉంటే ఈ భాగం వదిలేయాలి. వదిలేస్తే కథ అర్థం కాదు.

1905 ఏప్రిల్‌లో సీజన్ చివరి మ్యాచ్. ఆస్టన్ విల్లా మీద గెలిస్తే సిటీకి లీగ్ టైటిల్ అవకాశం ఉండేది. 3-2తో ఓడిపోయింది. మైదానంలో కొట్లాట కూడా జరిగింది. ఎఫ్ఏ విచారణ మొదలుపెట్టింది. మ్యాచ్ వదిలేయమని విల్లా ఆటగాడు అలెక్ లీక్‌కు మెరెడిత్ పది పౌన్లు ఇవ్వజూపాడన్న విషయం బయటికొచ్చింది. 1905 ఆగస్టులో అతనిపై నిషేధం పడింది. ఆ తర్వాతి సీజన్ మొత్తం ఆట లేదు, జీతం లేదు.

మొదట అసలేం జరగలేదన్నాడు. సిటీ తనకు డబ్బు సాయం చేస్తుందని ఆశపడ్డాడు. ఎఫ్ఏకు భయపడి క్లబ్బు చేతులెత్తేసింది. అప్పుడు నోరు విప్పాడు. మేనేజర్ చెబితేనే ఆ పని చేశానన్నాడు. అంతటితో ఆగకుండా, రూలును పక్కన పెట్టి సిటీ ఆటగాళ్లకు నాలుగు పౌన్ల కంటే ఎక్కువ ఇస్తోందనీ, తనకు ఆరు పౌన్లు అందేవనీ బయటపెట్టేశాడు. నిజాయితీతో చెప్పాడా, కడుపుమంటతో చెప్పాడా అంటే రెండోదే ఎక్కువనిపిస్తుంది. తనతో పాటు తోటివాళ్లు కూడా మునుగుతారని తెలియనంత అమాయకుడేం కాదు.

1906లో తీర్పు వచ్చింది. పదిహేడు మంది ఆటగాళ్లు ఆ ఏడు డిసెంబర్ 31 దాకా ఆడకూడదు, సిటీకైతే మళ్లీ ఆడనే కూడదు. మేనేజర్ టామ్ మేలీని ఆట నుంచే బయటికి పంపారు. క్లబ్బుకు 250 పౌన్ల జరిమానా. నిజానికి ఆ రోజుల్లో పెద్ద క్లబ్బులు చాలావరకు చాటుమాటుగా ఎక్కువ ఇస్తున్నవే. దొరికింది మాత్రం సిటీ.

తర్వాత మాంచెస్టర్ క్వీన్స్ హోటల్లో ఆ ఆటగాళ్లను ఇతర క్లబ్బులకు అమ్మకానికి పెట్టారు. మెరెడిత్‌ను అంతకుముందే యునైటెడ్ ఖాయం చేసుకుంది. అతనితో పాటు శాండీ టర్న్‌బుల్, హెర్బర్ట్ బర్జెస్, జిమ్మీ బానిస్టర్‌లను కూడా పట్టేసింది. పక్కింటి సామాను సగం ఒక్కసారిగా తన ఇంట్లోకి మోసుకొచ్చినట్టయింది.

ఆ సీజన్

నిషేధం తీరిన మర్నాడే, 1907 జనవరి 1న, నలుగురూ ఎర్ర చొక్కాలతో దిగారు. ప్రత్యర్థి మళ్లీ ఆస్టన్ విల్లాయే. మెరెడిత్ కుడివైపు నుంచి బంతి వేశాడు, టర్న్‌బుల్ గోల్ కొట్టాడు, 1-0.

అప్పుడు యునైటెడ్ ఆడేది ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కాదు. క్లేటన్‌లోని బ్యాంక్ స్ట్రీట్ మైదానంలో. చుట్టూ కెమికల్ ఫ్యాక్టరీలు. గాలి అటు తిరిగితే పొగ మైదానం మీదికే వచ్చేది. చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా ఆ ఫ్యాక్టరీల కార్మికులే. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి అటునుంచటే వచ్చేవాళ్లు.

1907-08 సీజన్ సెప్టెంబర్‌లో మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే విల్లాను వాళ్ల గడ్డ మీద 4-1తో ఓడించారు. ఆ తర్వాత వరుసబెట్టి గెలుపులే. మధ్యలో చార్లీ రాబర్ట్స్, అతనికి అటూఇటూ డక్‌వర్త్, బెల్. ఈ ముగ్గురూ బంతి లాక్కుని కుడివైపుకు తోస్తే అక్కడ పుల్ల నములుతూ మెరెడిత్ ఉండేవాడు. అప్పటికి వయసు 33. ఎదుటివాణ్ని దగ్గరికి రానిచ్చి, ఆఖరి క్షణంలో తప్పించి, మూల నుంచి బంతిని గోలు ముందుకు వేసేవాడు. టర్న్‌బుల్ ఆ సీజన్లో లీగ్‌లో 25 గోల్స్ కొట్టాడు. చాలావాటి వెనక మెరెడిత్ కాలు ఉంది. తను కూడా పది కొట్టాడు. మొత్తం 38 మ్యాచుల్లో 23 గెలుపులు, 52 పాయింట్లు. గెలిస్తే రెండే పాయింట్లున్న రోజులవి. తర్వాతి స్థానాల్లో ఉన్న విల్లా, సిటీ చెరో 43 దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు టైటిళ్లు లెక్కపెట్టుకోవడానికి వేళ్లు చాలని యునైటెడ్‌కు లీగ్‌లో అది మొట్టమొదటిది.

ఆ సీజన్ గురించి రాసేవాళ్లు ఈ గెలుపుల దగ్గరే ఆగిపోతుంటారు. కానీ దాని నడుమనే ఇంకోటి జరిగింది. యునైటెడ్ పట్టిక పైన దూసుకుపోతున్నప్పుడు, 1907 డిసెంబర్ 2న, మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో ఆటగాళ్లు సమావేశమయ్యారు. అధ్యక్ష స్థానంలో మెరెడిత్. అక్కడ ఆటగాళ్ల యూనియన్ పుట్టింది. దానికి ముందు 1898లో ఒకటి పెట్టారు గానీ అది మూడేళ్లకే మూతపడింది.

ఎందుకు పెట్టారంటే జీతం ఒక్కటే కారణం కాదు. ఆ ఏడు ఏప్రిల్‌లో యునైటెడ్ ఆటగాడు టామీ బ్లాక్‌స్టాక్ రిజర్వు జట్టు మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టి కుప్పకూలిపోయాడు. ప్రాణం పోయింది. సహజ మరణమని తేల్చారు. ఇంటివాళ్లకు పరిహారం ఏమీ అందలేదు. పైనుంచి పడినా ఎండదెబ్బకు పోయినా కాగితం మీద గుండెపోటేనని రాయించుకున్న శవపేటికలు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగడం చూసినవాళ్లకు ఆ గదిలో కూర్చున్న ఆటగాళ్ల మనసు తెలుస్తుంది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇప్పించే చట్టం ఇంగ్లండ్‌లో 1906లోనే వచ్చింది. ఆటగాడు కూడా ఆ చట్టం కింద పనివాడేనని ఒప్పించడానికి కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు వాకర్ కేసులో అప్పీలు కోర్టు ఆ మాట తేల్చింది.

వెలివేసినవాళ్ల జట్టు

మొదట ఎఫ్ఏ యూనియన్‌ను చూసీ చూడనట్టు ఊరుకుంది. 1909లో మాత్రం గనులు, మిల్లుల కార్మిక సంఘాలు ఉన్న సమాఖ్యలో చేరాలని ఆటగాళ్లు అనుకునేసరికి ఎఫ్ఏకు చిర్రెత్తింది. రేపు బొగ్గు కార్మికులు సమ్మె చేస్తే ఆటగాళ్లు కూడా ఆట ఆపేస్తారని భయం. జులై 1 లోపు యూనియన్‌కు రాజీనామా ఇవ్వండి, లేకుంటే రిజిస్ట్రేషన్ రద్దు అంది. వేసవిలో ఆట లేదు, చేతిలో డబ్బు లేదు. దేశమంతా ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టేశారు.

యునైటెడ్ వాళ్లు పెట్టలేదు. ఆ ఏప్రిల్‌లోనే డెబ్భై వేల మందికి పైగా చూస్తుండగా బ్రిస్టల్ సిటీని ఓడించి ఎఫ్ఏ కప్పు కూడా గెలిచిన జట్టది. కప్పు ఇచ్చిన చేతులే మూడు నెలలు తిరక్కుండా గెంటేశాయి. క్లబ్బు మైదానంలోకి రానివ్వరు, జీతం లేదు. ఫాలోఫీల్డ్‌లో ఇంకో మైదానం చూసుకుని సొంతంగా ప్రాక్టీసు చేసుకున్నారు. ఫొటో దిగేటప్పుడు చార్లీ రాబర్ట్స్ ఒక పలక మీద వెలివేసినవాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు, 1909 అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసి ముందు పెట్టాడు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. అందులో మెరెడిత్ కూడా ఉన్నాడు. వ్యాపారం కలిసొచ్చే మనిషి కాదతను. క్రీడా సామాన్ల షాపు పెట్టి దెబ్బతిన్నాడు. పస్తులుండి పోరాడే స్తోమత లేనివాడే ఆ వరసలో నిలబడ్డాడు.

బయటి క్లబ్బుల నుంచి ఎవర్టన్ ఆటగాడు టిమ్ కోల్‌మన్ వచ్చి కలిశాడు. అక్కణ్నుంచి గాలి మారింది. సంతకాలు పెట్టినవాళ్లు కూడా మెత్తబడ్డారు. సీజన్ మొదలవడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, ఆగస్టు 31న, ఎఫ్ఏ దిగొచ్చింది. యూనియన్ ఉండొచ్చు, ఆపిన జీతాలు ఇచ్చేస్తామంది. మర్నాడు మ్యాచులు యథావిధిగా జరిగాయి.

గెలిచారా అంటే సగమే. కార్మిక సమాఖ్యలో చేరొద్దని ఆ శరదృతువులోనే ఆటగాళ్లు ఓటేశారు. మెరెడిత్‌కు అది మింగుడుపడలేదు. ఏళ్ల తరబడి ఒకే క్లబ్బులో ఉన్నవాళ్లకు ఐదు పౌన్ల దాకా ఇవ్వొచ్చని 1910లో రూలు కాస్త సడలించారు. రిలీజు రూలును మాత్రం కదపలేకపోయారు. హ్యారీ కింగబీ అనే ఆటగాడి తరఫున 1912లో యూనియన్ ఆస్టన్ విల్లా మీద కోర్టుకెక్కి ఓడిపోయింది. ఖర్చులకే యూనియన్ దివాలా అంచుకు చేరింది. రాబర్ట్స్ లాంటి ఆటగాడు ఇంగ్లండ్ జట్టుకు మూడే మ్యాచులు ఆడాడు, మూడూ 1905లోవే. యూనియన్ వల్లే మళ్లీ పిలవలేదని అతని అభిమానులు నమ్మేవాళ్లు.

వయసు దాటినా

1910లో యునైటెడ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు మారింది. 1910-11లో మళ్లీ లీగ్ గెలిచింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి లీగ్ ఆగిపోయింది. శాండీ టర్న్‌బుల్ 1917లో ఫ్రాన్స్‌లో యుద్ధరంగంలో చనిపోయాడు.

మెరెడిత్ ఆడుతూనే ఉన్నాడు. 1920 మార్చిలో లండన్‌లో ఇంగ్లండ్‌ను వేల్స్ 2-1తో ఓడించింది. ఇంగ్లండ్‌ను ఓడించాలని జీవితమంతా ఎదురుచూసిన మనిషి 45 ఏళ్ల వయసులో ఆ గెలుపు చూసి ఏడ్చేశాడు. వేల్స్ తరఫున అది అతని 48వ మ్యాచ్, ఆఖరుది. 1921లో యునైటెడ్ ఎట్టకేలకు అతణ్ని ఉత్తినే వదిలేసింది. 47వ ఏట అడుగుపెట్టి పాత సిటీ గూటికే చేరాడు. 1924 మార్చి 29న ఎఫ్ఏ కప్పు సెమీఫైనల్లో న్యూకాసిల్ మీద ఆడి 2-0తో ఓడాడు. అప్పటికి వయసు 49 దాటి ఎనిమిది నెలలు. ఆ మ్యాచ్‌తో ఆట ముగించాడు. రెండు క్లబ్బులకూ కలిపి ఏడు వందలకు పైగా మ్యాచులు.

తర్వాత పబ్బు నడుపుకుంటూ బతికాడు. యునైటెడ్ ఆటగాళ్లు ఎనిమిది మందిని బలిగొన్న మ్యూనిక్ విమాన ప్రమాదం 1958 ఫిబ్రవరిలో జరిగింది. నగరం ఆ దుఃఖంలో ఉండగానే ఏప్రిల్ 19న, 83వ ఏట, మెరెడిత్ కన్నుమూశాడు.

వారం జీతం మీద పరిమితి 1961 జనవరిలో పోయింది. అప్పటికి అది ఇరవై పౌన్లు. కొన్ని నెలలకే జానీ హేన్స్ వంద పౌన్లు తీసుకున్నాడు. రిలీజు ఇవ్వకుండా అట్టే పెట్టుకునే రూలు చట్టానికి నిలవదని 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో కోర్టు చెప్పింది. కాంట్రాక్టు అయిపోయాక కూడా ఆటగాణ్ని అమ్ముకునే పద్ధతి ఐరోపాలో 1995 బోస్‌మన్ కేసు దాకా ఆగలేదు.

మాంచెస్టర్ సదరన్ సిమెటరీలో మెరెడిత్ సమాధి మీద నలభై ఏళ్లకు పైగా పేరు లేదు. 2001లో రాయి పెట్టించారు. ఆ ఖర్చు భరించింది సిటీ, యునైటెడ్, వేల్స్ ఫుట్‌బాల్ సంఘం, వాటితో పాటు 1907లో ఇంపీరియల్ హోటల్లో పుట్టిన ఆ యూనియన్.